ఆటిజం ఆత్మకథల్లో అంగీకారం: టెంపుల్ గ్రాండిన్ రచనల పరిశీలన

వ్యాససంగ్రహం

ఆటిజంతో పెరిగిన వ్యక్తి తన కథను తానే చెప్పుకున్నప్పుడు పాఠకలోకం నుంచి ముందుగా ఎదురయ్యేది ప్రశంస కాదు, అనుమానం. అమెరికన్ రచయిత్రి టెంపుల్ గ్రాండిన్ 1986లోను, 1995లోను వెలువరించిన రెండు ఆత్మకథనాలను పక్కపక్కన పెట్టి చదివితే, ఒకే జీవితాన్ని ఆమె రెండు వేర్వేరు అర్థాలతో చెప్పిన తీరు కనిపిస్తుంది. మొదటిది ఆటిజం నుంచి బయటపడిన కథ. రెండోది ఆటిజంతోనే నిలిచిన మనిషి కథ. ఈ మార్పును ప్రధానంగా తలుపు అనే ప్రతీక ఆధారంగా పరిశీలించి, ఆ అంగీకారానికి ఉన్న హద్దులను చర్చించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: ఆటిజం, ఆత్మకథ, నాడీవైవిధ్యం, అంగీకారం, ప్రతీక, సహృదయుడు.

ఉపోద్ఘాతం

తెలుగులో ఆత్మకథకు మొదటినుంచీ ప్రజాజీవిత లక్షణం ఉంది. కందుకూరి వీరేశలింగం 'స్వీయ చరిత్రము' మొదలుకొని చాలాకాలం, సంఘంలో ఏదో ఒకటి సాధించినవారే తమ జీవితాన్ని రాయదగినదిగా భావించారు. ఎవరి జీవితం సాహిత్యానికి తగినది అన్న ప్రశ్నను తిరగదోడినవి స్త్రీవాద, దళితవాద ఉద్యమాలు. 'నీలిమేఘాలు' (1993), 'చిక్కనవుతున్న పాట' (1995) సంకలనాలు వెలువడిన కాలంలో తెలుగు విమర్శ ఎక్కువగా వాదించుకున్న విషయాల్లో ఒకటి ఇది: ఒకరి బాధను మరొకరు రాయవచ్చునా, రాస్తే దాని ప్రామాణ్యం ఎంత? స్వానుభవం, సహానుభూతి అన్న రెండు మాటల చుట్టూ సాగిన ఆ చర్చ పరిశోధకులకు కొత్తది కాదు.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే, దానితో ఏ సంబంధమూ లేకుండా, ఇంగ్లీషులో మరో సమూహం ఇదే ప్రశ్నను తనదైన తీరులో అడిగింది. 1993లో జిమ్ సింక్లెయిర్ ఆటిస్టిక్ పిల్లల తల్లిదండ్రులను ఉద్దేశించి 'డోంట్ మోర్న్ ఫర్ అస్' అనే వ్యాసం రాశారు. 1995లో టెంపుల్ గ్రాండిన్ 'థింకింగ్ ఇన్ పిక్చర్స్' వెలువడింది. రెండు చర్చలకూ పోలిక ఉంది గాని ఒక ముఖ్యమైన తేడా కూడా ఉంది. దళిత కవి రాసినది కవిత్వమా, నినాదమా అని విమర్శకులు తగవులాడారు. ఆ కవిత రాసినది ఆ కవేనా అని అడిగే పరిస్థితి మాత్రం రాలేదు. ఆటిస్టిక్ రచయిత విషయంలో అనుమానం సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

గ్రాండిన్ తొలి పుస్తకం 'ఎమర్జెన్స్: లేబుల్డ్ ఆటిస్టిక్' 1986లో వచ్చింది. మార్గరెట్ స్కారియానో దానికి సహరచయిత్రి. ఆటిస్టిక్ బిడ్డకు తండ్రి, మనస్తత్వ శాస్త్రవేత్త అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ దానికి ముందుమాట రాస్తూ, కోలుకున్న ఆటిస్టిక్ వ్యక్తి రాసిన తొలి పుస్తకంగా దాన్ని పరిచయం చేశారు. నాడీవైద్యుడు, రచయిత ఆలివర్ శాక్స్ ఆ పుస్తకాన్ని మొదట చదివినప్పుడు నమ్మలేకపోయారు. ఆటిస్టిక్ మనసుకు తన లోపలిని తాను చూసుకునే శక్తి ఉండదన్నది అప్పటి వైద్యశాస్త్రపు నమ్మకం. కనుక ఇది సహరచయిత్రి చేతి పనే కావచ్చునని ఆయన శంకించారు. గ్రాండిన్ ఇతర రచనలు చదివి, ఆమెను కలిసిన తరువాతే ఆ శంక తీరింది. ఈ సంగతిని ఆయనే 'యాన్ ఆంత్రొపాలజిస్ట్ ఆన్ మార్స్' (1995)లో దాచకుండా చెప్పుకున్నారు. ఆ శీర్షిక కూడా తన స్థితిని గురించి గ్రాండిన్ అన్న మాటే. అంగారక గ్రహం మీద మానవశాస్త్రజ్ఞురాలిలా మనుషుల తీరును గమనిస్తూ బతుకుతున్నానన్నది ఆమె భావం.

కోట అనే రూపకం

ఆ శంకకు వెనుక ఒక రూపకం పనిచేసింది. 1943లో లియో కానర్ 11 మంది పిల్లలను పరిశీలించి ఆటిజాన్ని ప్రత్యేక స్థితిగా వర్ణించిన తరువాత, ఆ పిల్లల మౌనానికి కారణం తల్లిదండ్రుల చల్లదనమేనన్న ఊహ క్రమంగా బలపడింది. 1967లో బ్రూనో బెటిల్‌హైమ్ తన గ్రంథానికి 'ది ఎంప్టీ ఫోర్ట్రెస్' అని పేరు పెట్టారు. అంటే శూన్య దుర్గం. అదే సంవత్సరం క్లారా క్లెయిబోర్న్ పార్క్ అనే తల్లి, తన కూతుర్ని పెంచిన కథను 'ది సీజ్' పేరుతో ప్రచురించారు. అంటే ముట్టడి. బెటిల్‌హైమ్ తల్లిని దోషిగా నిలబెట్టారు. పార్క్ రచన మౌనంగానే అందుకు జవాబు చెప్పింది. రెండు పుస్తకాలూ పరస్పర విరుద్ధమైనవే. అయినా రెండింటిలో రూపకం ఒకటే: బిడ్డ కోటలో ఉంది, లోకం బయట ఉంది. బయటివారు గోడ పడగొట్టాలి, లేదా బిడ్డే బయటికి రావాలి.

రిమ్లాండ్ 1964లోనే తల్లిదండ్రుల మీది నేరారోపణను ఖండించి, ఆటిజానికి మూలం నాడీవ్యవస్థలో ఉందని వాదించారు. శాస్త్రం మారింది గాని రూపకం మారలేదు. 'ఎమర్జెన్స్' అంటేనే వెలికిరావడం. ఆ మాటను శీర్షికగా పెట్టుకున్న 1986 నాటి పుస్తకం, కోట గోడ దాటి వచ్చిన పిల్ల కథగానే అమ్ముడుపోయింది. పాఠకుడు ఏ కథాంశాన్ని ఆశించాడో ఆ చట్రంలోనే గ్రాండిన్ తన జీవితాన్ని చెప్పవలసి వచ్చింది. మూడున్నర ఏళ్ల వరకు మాట రాకపోవడం, పాఠశాలలో తనను బుద్ధిమాంద్యురాలని ఎగతాళి చేసిన అమ్మాయి మీదికి పుస్తకం విసిరి బహిష్కరణకు గురికావడం, న్యూ హాంప్‌షైర్‌లోని వసతి పాఠశాలకు చేరడం, చివరికి ఉన్నత విద్య. ఈ క్రమం మెట్లెక్కుతున్న కథలా సాగుతుంది. అయితే అదే పుస్తకంలో ఆ చట్రానికి ఒదగని వస్తువు ఒకటి ఉంది.

తలుపు: ముఖ్యార్థం వీడని ప్రతీక

వసతి పాఠశాలలో ఒక ఆదివారం ప్రార్థనలో మతబోధకుడు తలుపును గురించిన బైబిలు వాక్యం ఆధారంగా ప్రసంగించాడు. తక్కిన పిల్లలు దాన్ని ఉపమానంగా విని ఊరుకున్నారు. గ్రాండిన్ మాత్రం ఆ తలుపు కోసం వెతకడం మొదలుపెట్టింది. అలమర తలుపు, స్నానాల గది తలుపు, వీధి తలుపు, గుర్రపుశాల తలుపు ఒక్కొక్కటిగా చూసి కాదనుకుంది. చివరికి వసతిగృహానికి కొత్తగా కడుతున్న పైభాగంలో, కప్పు మీదికి తెరుచుకునే చిన్న చెక్క తలుపు కనిపించింది. అదే తాను వెతుకుతున్నదని ఆమెకు తోచింది. చదువు ముగించి కళాశాలకు వెళ్లవలసిన రోజుల్లో ఆమె ఆ తలుపు గుండా కప్పు మీదికి నడిచేది. భవిష్యత్తు అనే భావన ఆమెకు అలా అందింది.

ఈ ఘట్టాన్ని అమాయకత్వానికి ఉదాహరణగానో, ఉపమానం అర్థం కాని మనసుకు నిదర్శనంగానో చదవడం తేలిక. అలంకారశాస్త్రం తెలిసిన పాఠకుడు ఇక్కడ కాస్త ఆగాలి. లక్షణ అనే వృత్తి పనిచేయాలంటే ముందుగా ముఖ్యార్థానికి బాధ కలగాలని శాస్త్రం. గంగలో గొల్లపల్లె ఉండడం కుదరదు కనుక 'గంగ' అన్న మాట గట్టును సూచిస్తుంది. అక్కణ్ణుంచి చల్లదనం, పావనత్వం వ్యంగ్యంగా స్ఫురిస్తాయి. అంటే మాట మొదటి అర్థం కూలిపోతేగాని రెండో అర్థం లేవదు. గ్రాండిన్ తలుపులో ఈ బాధ లేదు. చెక్క చెక్కగానే ఉంది, గొళ్లెం గొళ్లెంగానే ఉంది. ఆమె దాన్ని చేత్తో తోసి, ఒంగి, అవతలికి వెళ్లింది. భవిష్యత్తు అన్న అర్థం ఆ ముఖ్యార్థాన్ని తోసేయకుండా దానితో పాటే వచ్చింది. చేసిన పనిలోనే వ్యంగ్యం ఉంది. ప్రతీక అర్థం కాకపోవడం ఇది కాదు. ప్రతీక మీద మరింత పట్టు.

గాజు తలుపు ఘట్టం దీన్ని బలపరుస్తుంది. ఒకసారి కిటికీలు తుడుస్తూ ఆమె రెండు గాజు పలకల మధ్య ఇరుక్కుపోయింది. బలంగా తోస్తే అద్దం పగులుతుంది. మెల్లగా, జాగ్రత్తగా కదిలిస్తేనే బయటపడగలదు. మనుషుల మధ్య సంబంధాలు కూడా ఇలాగే ఉంటాయని ఆమెకు అప్పుడు తెలిసింది. ఒక నీతివాక్యంగా ఎవరైనా చెప్పి ఉంటే ఆమెకు అది చేరేది కాదు. 

ఈ తలుపులు రెండు పుస్తకాల్లోనూ ఉన్నాయి. వాటి స్థానం మాత్రం మారింది. 'ఎమర్జెన్స్'లో అవి ఒకే విషయాన్ని పట్టుకు వేలాడే స్వభావానికి గుర్తులు. పెద్దలు ఆందోళన పడే విషయం, మంచి దారికి మళ్లించవలసిన విషయం. 'థింకింగ్ ఇన్ పిక్చర్స్'లో అవే తలుపులు ఆలోచనా పద్ధతికి సాక్ష్యాలు. తాను మాటల్లో కాక బొమ్మల్లో ఆలోచిస్తానని, అమూర్త భావం తనకు బొమ్మగా మారితేనే అందుతుందని ఆమె అక్కడ వివరిస్తారు. ఘటన మారలేదు, దాన్ని చూసే కన్ను మారింది. తొమ్మిదేళ్లలో ఒక రోగలక్షణం ఒక కావ్యలక్షణంగా మారిందంటే అతిశయోక్తి కావచ్చు గాని అబద్ధం కాదు.

యంత్రం, ఉపాధ్యాయుడు

గ్రాండిన్ కథల్లో అన్నింటికన్నా ప్రసిద్ధమైనది ఆమె తయారుచేసుకున్న ఒత్తిడి యంత్రం. అరిజోనాలోని అత్త పశుక్షేత్రంలో, టీకాలు వేయడానికి పశువులను రెండు వైపులా పలకలతో బిగించి నిలిపే చట్రాన్ని ఆమె చూసింది. అందులో కొన్ని పశువులు శాంతించడం గమనించి, తానూ అందులోకి దూరింది. ఎవరైనా దగ్గరికి తీసుకుంటే భరించలేని పిల్లకు, ఒత్తిడి ఎంత ఉండాలో తానే నిర్ణయించుకోగల ఆ చట్రంలో హాయి దొరికింది. దాని నమూనాలో తనకోసం ఒక యంత్రం చేసుకుంది. పాఠశాలలోని మనస్తత్వ నిపుణులు అందులో మనోవిశ్లేషణ అర్థాలు వెతికి, దాన్ని తీసివేయించాలని చూశారు. విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడు కార్లాక్ ఒక్కడే వేరే మాట అన్నాడు: అది ఎందుకు శాంతిని ఇస్తుందో తెలుసుకోవాలంటే శాస్త్రం చదువు. గ్రంథాలయంలో పరిశోధన పత్రాలు వెతకడం ఆమెకు నేర్పింది ఆయనే. 1992లో ఆమె లోతైన స్పర్శ ఒత్తిడి కలిగించే ప్రశాంతత మీద పత్రం ప్రచురించారు.

పాఠంలో అంగీకారం అన్న మాటకు దీనికి మించిన నిర్వచనం దొరకదు. నిపుణులు యంత్రం వెనుక ఏముందో చెప్పబోయారు. కార్లాక్ యంత్రాన్ని యంత్రంగా ఒప్పుకున్నాడు. జాలి చూపలేదు, మెచ్చుకోలు కూడా అంతగా లేదు. ఆమె అడుగుతున్న ప్రశ్న అడగదగినదేనని మాత్రం నమ్మాడు. ఆ యంత్రం ద్వారానే సున్నితమైన స్పర్శ ఎలా ఉంటుందో తెలిసిందని, ఆ తరువాతే పిల్లిని అది ఇష్టపడేలా నిమరడం వచ్చిందని గ్రాండిన్ రాస్తారు. ప్రేమ ముందు, స్పర్శ తరువాత అనుకునే లోకానికి ఇది తలకిందుల వరస.

వెల కట్టిన అంగీకారం

సింక్లెయిర్ వ్యాసం వాదన ఇది: ఆటిజం అనేది మామూలు బిడ్డను కప్పిన చిప్ప కాదు, అది మనిషి ఉండే తీరు. దాన్ని విడదీసి మనిషిని మిగుల్చుకోవడం కుదరదు. కోట రూపకానికి ఇది నేరుగా జవాబు. కోటే లేనప్పుడు బయటికి రావడం ఎక్కడిది? 1990ల చివర ఆస్ట్రేలియాలో జూడీ సింగర్ పరిశోధనలోను, ఆటిస్టిక్ వ్యక్తుల సామూహిక చర్చల్లోను రూపుదిద్దుకున్న 'న్యూరోడైవర్సిటీ' అన్న భావనకు ఇదే పునాది. తెలుగులో దాన్ని 'నాడీవైవిధ్యం' అనవచ్చు. జీవవైవిధ్యం అన్న మాట అలవాటైన చెవికి అది కొత్తగా వినిపించదు.

వేలు చిటికేసి ఆటిజం లేకుండా చేసుకోగలిగినా ఆ పని చేయనని, అప్పుడు తాను తానుగా ఉండనని గ్రాండిన్ కూడా చెప్పారు. ఈ స్థాయిలో ఆమె సింక్లెయిర్ పక్కన నిలుస్తారు. కాని ఆమె అంగీకారం ఎక్కణ్ణుంచి వచ్చిందో గమనిస్తే ఒక ఇబ్బంది ఎదురవుతుంది. పశువుల కన్ను ఏమి చూస్తుందో ఊహించగల శక్తి వల్ల ఆమె వధశాలలకు, పశుక్షేత్రాలకు రూపకల్పన చేసే నిపుణురాలయ్యారు. 1989లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొంది, కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలయ్యారు. ఉద్యోగానికి తన్ను తాను చూపించుకోవడం కన్నా తన పనిని చూపించడం మేలని ఆటిస్టిక్ యువతకు ఆమె ఇచ్చే సలహా. ఆచరణలో అది మంచి సలహా. సిద్ధాంతంగా చూస్తే మాత్రం చేసి చూపించగల పని ఉన్నవారికే అందులో చోటుంది. ఆటిజం తీవ్రరూపాలను నివారించగలిగితే మేలని, తేలికపాటి రూపాలు మాత్రం మిగలాలని ఆమె వెలిబుచ్చిన అభిప్రాయం ఈ తర్కానికి సహజ పర్యవసానం. లోకానికి పనికివచ్చే భేదం ఉండవచ్చు, పనికిరానిది పోవచ్చు. ఇక్కడ గ్రాండిన్‌తో ఏకీభవించడం కష్టం. తలుపును తలుపుగానే చూసిన మనసు, మనిషిని మాత్రం ఉపయోగంతో తూచింది. పశువును శాంతింపజేసే చట్రమే వధకు దారి కావడంలో ఉన్న వైరుధ్యం ఆమెను 'థింకింగ్ ఇన్ పిక్చర్స్' చివరి అధ్యాయంలో కలవరపెట్టింది. ఈ రెండో వైరుధ్యం అంతగా కలవరపెట్టినట్టు లేదు.

'ఎమర్జెన్స్' వెలువడిన 1986లోనే తెలుగులో కె. విశ్వనాథ్ 'స్వాతిముత్యం' విడుదలైంది. అందులోని శివయ్యను తరువాతి కాలంలో ఆటిస్టిక్ పాత్రగా పేర్కొన్నవారు ఉన్నారు. సినిమా ఆ మాట ఎక్కడా అనదు, అననివ్వకుండా పాత్రకు వైద్య నామం తగిలించడం విమర్శకు శోభనివ్వదు. గమనించవలసినది ఒక్కటే. సీతారామ కళ్యాణంలో వితంతువు మెడలో తాళికట్టిన శివయ్యను ప్రేక్షకులు అక్కున చేర్చుకున్నది అతని నిష్కల్మషత్వం వల్ల. శీర్షికే అతణ్ణి ముత్యం చేసింది. గ్రాండిన్‌కు ప్రతిభ వెల అయితే శివయ్యకు అమాయకత్వం వెల. ప్రతిభా లేక, మచ్చలేని మంచితనమూ లేక, సంతలో చెవులు మూసుకుని కేకలు పెట్టే పిల్లవాడికి ఈ రెండు కథల్లోనూ చోటు లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల జాబితాలో ఆటిజం చేరింది. చట్టం అడిగేది ధ్రువపత్రాన్ని మాత్రమే, ముత్యం కావాలని అడగదు. ఈ ఒక్క విషయంలో చట్టం కథకన్నా ఉదారం.

మాట రాని కథకుడు

ఆ పిల్లవాడే కలం పడితే? కర్ణాటకలో బాల్యం గడిపిన టిటో రాజర్షి ముఖోపాధ్యాయ్ దాదాపు మాట లేని ఆటిస్టిక్ రచయిత. ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య రాసినవి 'బియాండ్ ది సైలెన్స్' (2000) పేరుతో బ్రిటన్ నేషనల్ ఆటిస్టిక్ సొసైటీ ప్రచురించింది. అందులో అతను తన గురించి 'అతను', 'ఆ బాలుడు' అని ప్రథమ పురుషలో రాసుకుంటాడు. 2008 నాటి 'హౌ కెన్ ఐ టాక్ ఇఫ్ మై లిప్స్ డోంట్ మూవ్'లో ఉత్తమ పురుషకు వస్తాడు. శీర్షికలోనే 'నేను' ఉంది, 'నా పెదవులు' ఉన్నాయి. గ్రాండిన్ రెండు పుస్తకాల మధ్య ఏ దూరం ఉందో, టిటో రెండు పుస్తకాల మధ్య వ్యాకరణంలోనే ఆ దూరం కనిపిస్తుంది.

శాక్స్ శంక ఇతని విషయంలో మరింత పదునెక్కింది. అతనికి చదువు నేర్పిన తల్లి సోమ పద్ధతికి 'రాపిడ్ ప్రాంప్టింగ్ మెథడ్' అని పేరు. రాసేవారి మాటలు పక్కనున్నవారివి కాదని నిరూపించే ఆధారం లేదన్న కారణంగా అమెరికన్ స్పీచ్ లాంగ్వేజ్ హియరింగ్ అసోసియేషన్ 2018లో ఆ పద్ధతిని సిఫారసు చేయలేమని ప్రకటించింది. ఈ అభ్యంతరాన్ని పక్షపాతమని తోసిపుచ్చకూడదు. పక్కవాడి మాటలు మూగవాడి నోట పెట్టడం అంగీకారం కాదు, ఆక్రమణ. అయితే పద్ధతి మీది తీర్పు ప్రతి రచయిత మీదా దానంతటదే అమలుకాదు. టిటోను లోర్నా వింగ్ వంటి నిపుణులు లండన్‌లో స్వయంగా పరిశీలించారు. అతను సొంతంగా చేత్తో రాయడాన్ని చూసినవారు ఉన్నారు. గ్రాండిన్ విషయంలో శాక్స్ చేసినది కూడా ఇదే: అనుమానించారు, వెళ్లి చూశారు, మనసు మార్చుకున్నారు. అనుమానం తప్పు కాదు, అక్కడే కూర్చోవడం తప్పు.

ఆటిస్టిక్ సామాజిక శాస్త్రవేత్త డామియన్ మిల్టన్ 2012లో ప్రతిపాదించిన 'డబుల్ ఎంపతీ' సూత్రం ఇక్కడ పనికివస్తుంది. ఆటిస్టిక్ వ్యక్తి ఇతరులను అర్థం చేసుకోలేకపోవడం ఎంత నిజమో, ఇతరులు అతణ్ణి అర్థం చేసుకోలేకపోవడం అంతే నిజమని, లోపం ఇద్దరి మధ్యా ఉందని దాని సారం. భారతీయ కావ్యశాస్త్రంలో ఈ భారం ఎప్పుడూ ఒక్కరి మీదే లేదు. హృదయసంవాదం కలగకపోతే కవినే కాదు, పాఠకుణ్ణి కూడా ప్రశ్నించే సంప్రదాయం అది. సహృదయుడన్నది బిరుదు కాదు, యోగ్యత.

ఆ యోగ్యతకు పరీక్ష టిటో 2008 పుస్తకపు తొలి పుటల్లోనే ఉంది. చిన్ననాడు ఇంట్లోని అద్దం ముందు గంటల తరబడి నిలబడిన పిల్లవాణ్ణి బయటివారు చూస్తే కనిపించేది ఒక లక్షణం. లోపలినుంచి అతను చెబుతున్నది వేరు. ఆ అద్దం తనకు కథ చెప్పబోతోందని అతను నమ్మాడు, అందుకోసం కదలకుండా ఎదురుచూశాడు.